స్టాఫర్డ్‌షైర్ కుండల కార్మికుల యూనియన్ గురించి సమాచారం కావాలి

అందరికీ నమస్తే. ఇంగ్లండ్‌లో స్టోక్-ఆన్-ట్రెంట్ చుట్టుపక్కల పింగాణీ కార్ఖానాల్లో పనిచేసినవాళ్ల యూనియన్ చరిత్ర తెలుగులో ఒక వ్యాసంగా రాస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

1836 సమ్మె దాకా బాగానే అర్థమైంది. అప్పట్లో బట్టీలోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చిన సరుక్కి మాత్రమే కూలి ఇచ్చేవారు. అంటే కార్మికుడు ప్లేటు చక్కగా చేసి ఇచ్చినా, కాల్చేవాడు మంట సరిగ్గా చూడక అది పగిలితే ఆ నష్టం ప్లేటు తయారుచేసిన కార్మికుడిదే! ఇంత అన్యాయం మీద జనం తిరగబడకుండా ఎలా ఉంటారు? పైగా నవంబర్‌లో ఒకసారి ఒప్పుకుంటే ఏడాదంతా అదే యజమాని దగ్గర కట్టుబడి ఉండాలి.

నా ప్రశ్న ఆ తర్వాతి కాలం గురించి. 1840లలో విలియం ఇవాన్స్ నాయకత్వంలో యూనియన్ మళ్లీ లేచింది, యంత్రాలొస్తే పని పోతుందన్న భయంతో చందాలు పోగేసి అమెరికాలో విస్కాన్సిన్‌లో భూమి కొని కుటుంబాలను పంపింది, కొన్నేళ్లకే ఆ పథకం కూలిపోయింది. అలా వెళ్లిన కుటుంబాలు రాసిన ఉత్తరాలు గానీ, చందా లెక్కలు గానీ ఎక్కడైనా ఆన్‌లైన్‌లో చదవడానికి దొరుకుతాయా? ఆ యూనియన్ పత్రిక 'పాటర్స్ ఎగ్జామినర్' పాత సంచికల స్కాన్లు ఎవరి దగ్గరైనా ఉన్నా చెప్పండి. నాయకుల మాటలు కాదు, చందా కట్టిన మామూలు కార్మికుల మాటలు కావాలి నాకు.