అప్‌డేట్: చివరి నిమిషం డ్యూటీ మార్పులు, మా వార్డులో ఇప్పుడెలా ఉందంటే

ఎవరైనా ఆఖరి గంటలో సెలవు పెడితే ఆ షిఫ్టుకి ఎవరిని పిలవాలి, కాదనలేని సిస్టర్ల మీదే ప్రతిసారీ భారం పడకుండా ఎలా చూడాలి అని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

బాగా పనికొచ్చింది స్టాండ్‌బై వరుస. ప్రతి షిఫ్టుకీ ఒకరి పేరు రోస్టర్‌లోనే ముందుగా రాస్తున్నాం. పిలిచినా పిలవకపోయినా ఆ స్టాండ్‌బై లెక్కలోకి వస్తుంది, తర్వాతి వంతు ఇంకొకరిది. ఇంతకుముందు ఆఫ్‌లో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు వెళ్లేవి. నైట్ చేసి పడుకున్న మనిషిని లేపడం నాకెప్పుడూ అన్యాయంగానే అనిపించేది.

డ్యూటీలు మార్చుకోవడం ఆపలేదు, ఆపకూడదు కూడా. పిల్లలకి జ్వరమొస్తే ఏం చేస్తారు పాపం! కాకపోతే ఇన్‌ఛార్జ్ సంతకం కావాలి. ఐసీయూలో వెంటిలేటర్ పేషెంట్లని చూసే సిస్టర్ బదులు ఆ పని తెలిసినవాళ్లే రావాలి. తలకాయల లెక్క సరిపోతే చాలదు.

విశ్రాంతి విషయంలో మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. యూరోపియన్ యూనియన్ 2003 నాటి పనివేళల ఆదేశంలో రోజుకి వరుసగా కనీసం 11 గంటల విశ్రాంతి అని ఉంది. అదే గీతగా పెట్టుకున్నాం. ఈవినింగ్ చేసినవాళ్లని మర్నాడు మార్నింగ్‌కి పిలవడం లేదు. నిద్ర చాలని చేతులతో మందుల డోసు లెక్కలు వేయించడం పేషెంటుకే ప్రమాదం.

ఒకే రోజు ఇద్దరు రాకపోతే ఏం చేయాలో ఇంకా తేలలేదు. పక్క వార్డుల నుంచి సర్దుబాటు గురించి సూపరింటెండెంట్ మేడమ్‌తో మాట్లాడుతున్నాను.