4 కోట్ల అంకెల ప్రధాన సంఖ్య: గణితం ఎంత, కరెంటు ఎంత?

తరమణి ఇంజనీరు:
2 ఘాతం 13,62,79,841 నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్య అని 2024 అక్టోబరులో తేలింది. మొత్తం 4,10,24,320 అంకెలు. ఇది గొప్ప గణిత విజయమని మన చెన్నై తెలుగువాళ్లలో చాలామంది మురిసిపోతున్నారు. నాకలా అనిపించడం లేదు. రహస్య సందేశాలకు వాడే ప్రధాన సంఖ్యలు కొన్ని వందల అంకెలవి, అవీ గుట్టుగా ఉండాలి. లోకమంతా ఎరిగిన సంఖ్య ఏ తాళానికి పనికొస్తుంది? 17 దేశాల్లో వేలాది గ్రాఫిక్స్ చిప్‌లు నడిపి కరెంటు తగలేసింది దీనికోసమా?

పెరంబూరు మాస్టారు:
పనికొస్తేనే గణితమా బాబూ? అలాగైతే యూక్లిడ్‌ను కూడా అటకెక్కించాలి. దీన్ని 2 ఘాతం 13,62,79,840తో గుణించండి, పరిపూర్ణ సంఖ్య వస్తుంది. దాన్ని మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కూడితే మళ్లీ అదే. 28 అంటే 4 × 7 కదా, 28కి 7 ఎలాగో దానికి ఇది అలాగ. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారినే వస్తాయని ఆయిలర్ నిరూపించాడు.

ఇక కరెంటు సంగతి. నిర్ధారణకు వాడిన, ల్యూకాస్, లెహ్మర్ అనే గణితజ్ఞుల పరీక్ష చూడండి. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసి, మన సంఖ్యతో భాగించి శేషం పట్టుకోవాలి. మళ్లీ అదే పని. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు చేశాక సున్నా మిగిలితే ప్రధానం. 31 అంటే 2 ఘాతం 5లో ఒకటి తక్కువ కదా, కాగితం మీద వేయండి: 4, 14, 8, 0. ఇది గణితం కాక కరెంటు బిల్లా?

గుండుసున్నా:
మాస్టారూ, మీ వాదన మీకే ఎదురు తిరుగుతోంది. ఆ పరీక్ష పనిచేసేది 2 ఘాతంలో ఒకటి తక్కువైన సంఖ్యలకే. వాటినే వెతుకుతున్నారు, కాబట్టి అవే దొరుకుతున్నాయి. దీని తర్వాతి ప్రధాన సంఖ్య ఏది? ఎవరికీ తెలియదు. ఉందని మాత్రం ఖాయం, ఎందుకంటే ఒకటి కన్నా పెద్దదైన ఏ సంఖ్యకూ దాని రెట్టింపుకూ నడుమ ప్రధాన సంఖ్య తప్పక ఉంటుంది. చెబిషెవ్ నిరూపించిన ఈ మాటకు రామానుజన్ 1919లో రెండు పుటల నిరూపణ ప్రకటించారు. ఇంగ్లండు నుంచి మద్రాసుకు తిరిగొచ్చిన ఏడే అది. ఏ చిప్పూ లేదు! ఇంత పరిమాణంలో సగటున 9 కోట్ల పైచిలుకు సంఖ్యలకు ఒకటి ప్రధానం. వాటన్నిటినీ వదిలి దీనికొక్కదానికే పట్టాభిషేకమా? గొప్పతనం పరీక్షది, సంఖ్యది కాదు.

పెరంబూరు మాస్టారు:
పరీక్షనూ సంఖ్యనూ ఎలా విడదీస్తారు? 2 ఘాతం 67లో ఒకటి తక్కువ ప్రధానమని మెర్సెన్ 1644లో రాశాడు. కాదని 1876లో ల్యూకాస్ తేల్చాడు, ఒక్క కారణాంకమైనా చూపకుండా! 19,37,07,721 × 7,61,83,82,57,287 అని కోల్ చూపించింది 1903లో. కారణాంకాలు తెలియకుండానే సంఖ్య స్వభావం చెప్పగలగడం మీకు చిన్న విషయమా?

తరమణి ఇంజనీరు:
మీరన్నట్టు 2047కి, అంటే 2 ఘాతం 11లో ఒకటి తక్కువకు, వేశాను. తొమ్మిది సార్లు చేశాక 1736 మిగిలింది. అది 23 × 89 కనుక సున్నా రాకూడదు, రాలేదు. పరీక్ష బాగుంది, ఒప్పుకుంటాను. ఆ 17 దేశాల కరెంటు లెక్క మాత్రం ఇక్కడ ఇంతవరకు ఎవరూ వేయలేదు.