వెర్దెహో, వియూరా కలిపిన స్పానిష్ వైట్ వైన్: మన వంటల్లో దేనితో కుదురుతుంది?

ప్రశ్న: ఎంవీపీ కాలనీ వాసి

స్పెయిన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు సెలవులకు వస్తూ నాకొక వైట్ వైన్ సీసా తెచ్చాడు. దాని మీద రుయేదా అనే ఊరి పేరు, వెర్దెహో, వియూరా అనే రెండు ద్రాక్ష రకాల పేర్లు, 13 శాతం ఆల్కహాల్ అని ఉన్నాయి. వాడి తల్లిదండ్రులు, అంటే మా అక్కా బావగారు, ఆదివారం భోజనానికి వస్తున్నారు కనుక ఆ రోజే తెరుద్దామనుకుంటున్నాను. వంజరం పులుసు, రొయ్యల ఇగురు చేద్దామని మా ఆవిడ అంటోంది. ఇవి ఆ వైన్‌కు సరిపోతాయా? రెండు రకాల ద్రాక్షను ఎందుకు కలుపుతారో కూడా తెలిసినవారు చెప్పగలరని మనవి. బీరు తప్ప మరొకటి ఎరగని ఇల్లు మాది.

సమాధానం 1: ఓడ వంటవాడు (విశ్రాంతి)

రుయేదా స్పెయిన్ వాయవ్య భాగంలో, దువేరో నది దగ్గర, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మైదానం. పగలు ఎండ మండిపోయినా రాత్రి బాగా చల్లబడుతుంది కాబట్టి అక్కడి కాయలో పులుపు నిలుస్తుంది. వెర్దెహోకు గాలి తగిలితే రంగు, రుచి త్వరగా మారిపోతాయి. అందుకే చాలామంది, చల్లదనానికి ఆ మార్పు నెమ్మదిస్తుందని, రాత్రిపూటే కోత కోస్తారు. సోంపును, పచ్చిగడ్డిని తలపించే వాసనా, చివర్లో నాలుకకు తగిలే సన్నని చేదూ దానివి. వియూరా వాసన తక్కువ రకం. అది కలిస్తే ఆ ఘాటు కాస్త సర్దుకుని వైన్ తేలికపడుతుంది. మోతాదు ఎక్కువున్న రకాన్నే ముందు రాస్తారు గనుక మీ సీసాలో వెర్దెహోదే పెద్ద వాటా అయి ఉంటుంది.

ఇక పులుసు మాట. దయచేసి వద్దండీ. తిండి వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడిపోతుంది. కారం ఎక్కువైతే ఆల్కహాల్ ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది. మన పులుసులో రెండూ దండిగా ఉంటాయి. స్పెయిన్ రేవుల్లో నెత్తళ్లకు పిండి అద్ది, నూనెలో వేయించి, నిమ్మబద్దతో ఇటువంటి వైన్ పక్కన పెట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆదివారం తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి పచ్చి నెత్తళ్లు తెచ్చుకుని, ఉప్పు, పసుపు, మిరియాల పొడి, కొద్దిగా బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించండి. అదే మీకు అసలైన జోడీ.

సమాధానం 2: పెదవాల్తేరు గృహిణి

పై వారితో ఏకీభవిస్తూనే ఒక్క మాట. రొయ్యల ఇగురును పూర్తిగా వదులుకోనక్కర్లేదు; గరం మసాలా మానేసి, కారం సగానికి తగ్గించి, చివర్లో కొబ్బరిపాలు పోస్తే అదీ కుదురుతుంది. శాకాహారులుంటే అల్లం, పచ్చిమిర్చి తగ్గించిన పెసరట్టు పెట్టండి. ఆ పచ్చివాసనకూ వెర్దెహో వాసనకూ మంచి పొత్తు అని నా అభిప్రాయం. ఆవ పెట్టిన కూరలు, కాకరకాయ మాత్రం వద్దు. వైన్ చివరనున్న చేదుకు ఇవి తోడైతే నోరంతా చేదవుతుంది.

సీసాను బీరువాలో దాచకుండా ఫ్రిజ్‌లో పెట్టి, 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో కొంచెం కొంచెంగా పోయండి. మన ఉక్కకు గ్లాసు పది నిమిషాల్లో వేడెక్కిపోతుంది.

ప్రశ్న వేసినవారు, సోమవారం

ఇద్దరికీ కృతజ్ఞతలు. నెత్తళ్లు రెండు వాయిలు వేయించినా చాలలేదు. కొబ్బరిపాల ఇగురు బాగుంది కానీ, వైన్‌తో నాకు నెత్తళ్లే నచ్చాయి. బావగారు మొదటి గ్లాసులో ఐసు ముక్కలు వేసుకుని, మేనల్లుడి ముఖం చూసి, రెండో గ్లాసుకు మానేశారు. పులుసు కూడా చేశాం లెండి. గ్లాసులు కడిగి బోర్లించిన తరువాతే దాన్ని అన్నంలోకి వడ్డించాం.