జూన్ పిక్నిక్ స్వీట్లు: దేనికి ఫ్రోజెన్ పండు, దేనికి తాజా పండు

అందరికీ నమస్కారం. తమ్ముడి పెళ్ళికని విజయవాడ వచ్చాను, తిరుగు ప్రయాణానికి ఇంకా 12 రోజులుంది. జూన్‌లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో 150 మందితో జరిగే మన పిక్నిక్‌కి స్వీట్లు మనం ఐదుగురం చేస్తామని ఒప్పుకున్నాం కదా. ఇక్కడ అమ్మ వంటింట్లో కొన్ని చేసి చూశాను. తేలిన సంగతులు రాస్తున్నాను, చదివి మీ మాట చెప్పండి.

ముందుగా ముగ్గురు అడిగిన ప్రశ్న: "అక్కా, వచ్చేటప్పుడు ఓ పెట్టె రసాలు పట్టుకురా." తేవడం కుదరదు. 2019 డిసెంబరు నుంచి ఐర్లండ్‌తో సహా యూరోపియన్ యూనియన్ దేశాలకు బయటి నుంచి తాజా పండ్లు తేవాలంటే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి. అనాస, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, డురియన్‌కి మాత్రమే మినహాయింపు, మామిడికి లేదు. పాలతో చేసినవి కూడా తేకూడదు, కాబట్టి కోవా మాట మర్చిపోండి. మామిడి తాండ్ర మాత్రం తెస్తాను.

నిన్న నాన్న నున్న మార్కెట్ నుంచి చిన్నరసాల పెట్టె తెచ్చారు. అమ్మ ఒక్కో కాయని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లిస్తుంది, లోపల గుజ్జంతా పీచు వదిలి రసమైపోయేదాకా. తర్వాత ముచిక తీసి మొదట కారే రెండు చుక్కల జీడి పిండేసి పిల్లల చేతికిస్తుంది. ఆ పండు తిన్న నోటితో చెబుతున్నాను: అక్కడి ఫ్రోజెన్ మామిడి ముక్కలు దీనికి బదులు కావు. వాటితో వేరే పని చేయించుకోవాలి. పోయినేడు మనం తప్పు చేసింది అక్కడే.

గుర్తుంది కదా, ఫ్రోజెన్ మామిడి ముక్కలు కరిగించి కస్టర్డ్‌లో కలిపాం. మధ్యాహ్నానికి గిన్నె పైన నీళ్ళు తేలాయి, ముక్కలు పీలికలయ్యాయి, పిల్లలు సగం కప్పులు వదిలేశారు. పండు గడ్డకట్టినప్పుడు లోపలి నీరు మంచు పలుకులై కణాల గోడల్ని చీల్చేస్తుంది. కరిగాక ఆ నీరు బయటికి రాక తప్పదు. ఫ్యాక్టరీలో వేగంగా గడ్డకట్టిస్తారు కాబట్టి పలుకులు చిన్నవి, మన ఇంటి ఫ్రీజర్‌లో నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి పెద్దవి. అయినా ఏ ఫ్రోజెన్ పండూ కొరికితే తాజా పండులా ఉండదు.

అందుకని నా లెక్క ఇది: ఉడికేవాటిలో ఫ్రోజెన్, పచ్చిగా పైన వేసేవాటిలో తాజా. జూన్‌లో అక్కడ వెక్స్‌ఫర్డ్ ప్రాంతంలో పండే స్ట్రాబెర్రీలు దారి పక్కన బండ్ల మీద దొరుకుతాయి. వాటికి మించిన పండు మనం విమానంలో తేలేం. కడిగేటప్పుడు తొడిమ ఉంచండి, నీళ్ళలో నానబెట్టకండి, చక్కెర ముందే చల్లకండి, నీరు ఊరిపోతుంది.

150 మందికి రెండు స్వీట్లు చాలు. మామిడి కేసరికి బొంబాయి రవ్వ కిలోన్నర, 850 గ్రాముల మామిడి గుజ్జు డబ్బాలు 3, నీళ్ళు 3 లీటర్లు, చక్కెర కిలోన్నర, నెయ్యి ముప్పావు కిలో. డబ్బా గుజ్జులో తీపి ముందే ఉంటే చక్కెర తగ్గించాలి, రుచి చూసి వేయండి. పైన తాండ్ర సన్నగా తరిగి చల్లుదాం. రెండోది ఫ్రూట్ కస్టర్డ్: పాలు 10 లీటర్లు, కస్టర్డ్ పొడి 400 గ్రాములు, చక్కెర కిలో, పండ్లు 6 కిలోలు.

అనాస గురించి గట్టిగా చెప్పాలి. మొన్న సాయంత్రం రెండు గిన్నెల్లో కస్టర్డ్ తీసి, ఒకదాంట్లో పచ్చి అనాస ముక్కలు, ఇంకోదాంట్లో చక్కెరతో పది నిమిషాలు ఉడికించి చల్లార్చిన ముక్కలు కలిపాను. గంట తర్వాత అమ్మ మొదటి గిన్నెలోంచి ఒక చెంచా నోట్లో పెట్టుకుని "ఇదేంటే, చేదెక్కింది" అంది. రెండోది హాయిగా తినేసింది. అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ని విరిచేస్తుంది. ఉడికిస్తే అది పోతుంది. గడ్డకట్టిస్తే పోదు, కాబట్టి ఫ్రోజెన్ అనాస కూడా ఉడికించాల్సిందే. డబ్బా అనాస అయితే ఇబ్బంది లేదు.

సామాన్ల టీమ్ తమ్ముడు:
అక్కా, ఫ్రోజెన్ బెర్రీలు పెద్ద సంచులు చవగ్గా ఉన్నాయి. రంగు బాగుంటుంది, కస్టర్డ్ పైన అలాగే చల్లేద్దామా?

జవాబు:
అలా చల్లొద్దు నాన్నా. దిగుమతి చేసిన ఫ్రోజెన్ బెర్రీలు కనీసం ఒక నిమిషం మరిగించి తినమని ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ 2013 నుంచి చెబుతోంది. అప్పట్లో వాటి వల్ల కొందరికి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ ఎ వైరస్ సోకింది. ఫ్రీజర్ చలికి ఆ వైరస్ చావదు. 4 కిలోలు తీసుకో, చక్కెర వేసి దగ్గరపడేదాకా మరిగిద్దాం. చల్లారాక కప్పులో కస్టర్డ్ మీద ఒక్కో చెంచా. నువ్వన్న రంగు అప్పుడు ఇంకా బాగా వస్తుంది.

గుంటూరు వదిన:
నేనూ సెలవుకి బ్రాడీపేటలో అమ్మ దగ్గరే ఉన్నా. గుడ్డు తినని కుటుంబాలు నాలుగున్నాయి, కస్టర్డ్ పర్వాలేదా? పిల్లలేమో జెల్లీ అడుగుతున్నారు. అరటిపండు వేస్తావా? చక్కెరకేళీ దొరకదు కదా అక్కడ.

జవాబు:
వదినా, కస్టర్డ్ పొడి అంటే ప్రధానంగా మొక్కజొన్న పిండే. అయినా ప్యాకెట్ మీద చదివే కొందాం. జెల్లీ ప్యాకెట్లు అక్కడ ఎక్కువగా జెలటిన్‌తో వస్తాయి, అది జంతువుల నుంచి తీసేది. మనం సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌తో చేద్దాం, లీటరుకి 10 గ్రాములు. ఒకసారి గట్టిపడ్డాక దాదాపు 85 డిగ్రీల వేడి తగిలితే గానీ కరగదు. ఇక్కడి మే ఎండలో కరెంటు పోయిన మధ్యాహ్నం కూడా బల్ల మీద గిన్నె చెక్కుచెదరలేదు. వీలైతే నాలుగు ప్యాకెట్లు మీరూ కొనండి. అరటి వేద్దాం, కానీ వడ్డించే ముందే తరిగి నిమ్మరసం చల్లాలి, లేకపోతే నల్లబడుతుంది.

వడ్డన టీమ్ పిన్ని:
కస్టర్డ్ ముందురోజు రాత్రే చేస్తే నిలుస్తుందా అమ్మా?

జవాబు:
నిలుస్తుంది పిన్నీ. లోతు తక్కువ ట్రేల్లో పోసి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, 5 డిగ్రీలు దాటకూడదు. పండ్లు పార్కులోనే కలుపుదాం. ద్రాక్ష చిన్నపిల్లలకి నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, గుండ్రంగా ఉంటే గొంతుకి అడ్డం పడుతుంది. జీడిపప్పు విడిగా, పేరు రాసిన గిన్నెలో పెట్టండి. ఐస్ పెట్టెలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో శుక్రవారంలోపు ఇక్కడే రాయండి, తాండ్ర ఎన్ని కిలోలు తేవాలో కూడా.