ఆటల పీరియడ్‌లోనే ఎందుకు తీసుకెళ్తున్నారు? (రిసోర్స్ రూమ్ గురించి)

గళ్లకాగితం | సోమవారం, రాత్రి 9:40

మా వాడికి తొమ్మిదేళ్లు, ఆటిజం. మాటలు తక్కువ, బొమ్మల కార్డులు చూపించి కావలసింది అడుగుతాడు. అందరూ చదివే స్కూల్లోనే మూడో తరగతి. వారానికి మూడుసార్లు క్లాసులోంచి తీసుకెళ్లి రిసోర్స్ రూమ్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర కూర్చోబెడతారు. సోమవారం సైన్స్, బుధవారం ఆటలు, శుక్రవారం డ్రాయింగ్ పోతాయి.

ఇంట్లో గోడ మీద వాడి వారం మొత్తం ఉంటుంది. రోజుకో పట్టీ, పీరియడ్‌కో కార్డు, వెల్క్రోతో అంటించి. బుధవారం పట్టీ మీద బంతి బొమ్మ. పొద్దున్నే అది చూసి ఆటల షూ తెచ్చుకుని లేసులు తనే కట్టుకుంటాడు. ఆ లేసులు నేర్వడానికి నాలుగు నెలలు పట్టింది. కొత్త టైమ్‌టేబుల్ వచ్చాక మూడు బుధవారాలు అలా లేసులు కట్టుకుని వెళ్లి, రిసోర్స్ రూమ్‌లో కూర్చుని వచ్చాడు. నాలుగో బుధవారం చూస్తే పట్టీ మీద బంతి లేదు. శనివారం బట్టలు ఉతకబోతే నిక్కరు జేబులో దొరికింది, అంచులు నలిగిపోయి.

అడగాలనుకున్నది ఇదీ: ఇలా బయటికి తీసుకెళ్లి నేర్పడం నిజంగా అవసరమా? అవసరమే అయితే ఆటల పీరియడే ఎందుకు?

చాక్‌పొడి | సోమవారం, రాత్రి 10:15

ఇరవై రెండేళ్లుగా ప్రైమరీ టీచర్ని. టైమ్‌టేబుల్ ఎలా తయారవుతుందో తెలియక చాలామంది కోప్పడతారు. మా దగ్గర స్పెషల్ ఎడ్యుకేటర్ ఒక్కరు, పిల్లలు పద్నాలుగు మంది. ముందు ఆవిడ ఖాళీ చూడాలి, తర్వాత గది ఖాళీ చూడాలి, ఆ తర్వాతే పీరియడ్. లెక్కల్లోనో భాషలోనో తీస్తే రేపు ఈ తల్లిదండ్రులే పాఠం పోయిందని వస్తారు. ఆటల్లో పోయేదేముంది చెప్పండి?

రెండోవరస | సోమవారం, రాత్రి 10:52

> ఆటల్లో పోయేదేముంది

మీకేమీ పోదు మాస్టారూ. నాకు డిస్లెక్సియా, అంటే అక్షరాలు కూడబలుక్కుని చదవడమే కష్టం. నాలుగో తరగతి నుంచి ఆరు దాకా ప్రతి గురువారం నాలుగో పీరియడ్‌లో ఆయా వచ్చి తలుపు దగ్గర నిలబడి నా పేరు పిలిచేది. నలభై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగేవి. ఆ గదిలో ఏం నేర్పారో ఒక్క ముక్క గుర్తు లేదు. బెంచీ దగ్గర్నుంచి తలుపు దాకా నడిచిన దూరం మాత్రం ఇప్పటికీ అడుగులతో సహా గుర్తుంది.

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని, ఈ పిల్లలు మామూలు బడిలోనే చదవాలని ఒప్పుకున్నారు. 2006లో వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 24వ అధికరణ, అదే మాట. ఇంకా ఏం చర్చ?

చాక్‌పొడి | సోమవారం, రాత్రి 11:01

నేను మాస్టార్ని కాదు, టీచరమ్మని.

సలమాంకాలో టైమ్‌టేబుల్ వేసిన వాళ్లెవరైనా ఉన్నారా?

ముత్యాలదండ | మంగళవారం, ఉదయం 6:30

నేను స్పెషల్ ఎడ్యుకేటర్ని, అంటే ఇక్కడ మీరు తిడుతున్న గదిలో ఉండే మనిషిని. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

డిస్లెక్సియా ఉన్న పిల్లలకి అక్షరానికీ శబ్దానికీ ఉన్న ముడి దానంతటదే పడదు. ఒక్కొక్క ముడీ వరసలో వేయాలి. నిన్న వేసింది ఇవాళ మళ్లీ పట్టి చూడాలి. తప్పు చదివిన క్షణంలోనే ఆపి దిద్దాలి, పీరియడ్ అయ్యాక కాదు. నలభై మంది గట్టిగా చదువుతున్న గదిలో ఒక్కడి పెదవుల దగ్గర చెవి పెట్టి ఎవరు వింటారు? ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి ఆ గదిలోని చప్పుడే నొప్పి. ట్యూబ్‌లైట్ గుయ్యిమనడం మనకి వినపడదు, వాళ్లకి వినపడుతుంది. మా గదిలో ఎడమ వైపు బుట్టలో చేయాల్సిన పని, కుడి వైపు బుట్టలో పూర్తయిన పని. ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది కాబట్టి పిల్లాడికి టెన్షన్ ఉండదు. నార్త్ కరోలినాలో 1970లలో ఆటిజం పిల్లల కోసం రూపుదిద్దిన పద్ధతి ఇది. మా వాళ్లు దీన్ని టీచ్ అంటారు.

రెండోవరస గారూ, బాధపెట్టాలని కాదు, మీరు ఇప్పుడింత చక్కగా రాస్తున్నారు కదా, చదవడం ఎక్కడ వచ్చింది?

రెండోవరస | మంగళవారం, ఉదయం 8:05

మా అక్క నేర్పింది. ఇంట్లో.

ముత్యాలదండ | మంగళవారం, ఉదయం 8:09

పక్కన కూర్చోబెట్టుకుని, విడిగా. అవునా?

రెండోవరస | మంగళవారం, ఉదయం 8:31

అక్క నన్ను నలభై మంది ముందు పేరు పెట్టి పిలవలేదు.

సందేహం_999 | మంగళవారం, మధ్యాహ్నం 1:20

పీరియడ్ మార్చమని ఒక లెటర్ రాస్తే సరిపోయేదానికి ఐక్యరాజ్యసమితి దాకా ఎందుకండీ.

సైగలనాన్న | మంగళవారం, రాత్రి 9:12

సలమాంకా గురించి చెప్పినాయన ఆ పత్రం పూర్తిగా చదివారో లేదో. వినికిడి లేని పిల్లల సంగతి అందులో విడిగా ఉంది. వాళ్ల భాష అవసరాల దృష్ట్యా ప్రత్యేక బడి, లేదా మామూలు బడిలోనే ప్రత్యేక తరగతి, మేలు కావచ్చని అదే పత్రం ఒప్పుకుంది.

మా పాపకి బొత్తిగా వినపడదు. మామూలు క్లాసులో మొదటి బెంచీ ఇచ్చారు, అందరూ ఎంత మంచివాళ్లో. టీచర్ మాట్లాడుతూ మాట్లాడుతూ బోర్డు వైపు తిరగ్గానే దానికి పాఠం ఆగిపోతుంది. మళ్లీ ఇటు తిరిగేదాకా పక్కపిల్ల నోట్సు చూస్తూ ఉంటుంది. వారంలో రెండు రోజులు సైగభాష వచ్చిన పిల్లలతో విడిగా క్లాసు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి చేతులు ఆడిస్తూనే ఉంటుంది, వాళ్లని వెక్కిరించానని, వాళ్లు నన్ను ఏడిపించారని. మిగతా రోజులు బ్యాగు పడేసి పడుకుంటుంది.

1880లో మిలాన్‌లో టీచర్లంతా సభ పెట్టి బడుల్లో సైగలు వద్దు, నోటిమాటే నేర్పాలని తీర్మానం చేశారు. వాళ్లూ పిల్లలు అందరిలో కలిసిపోవాలనే చేశారు. అది పొరపాటని ఆ సభల వారసులు వాంకూవర్‌లో ఒప్పుకునేసరికి 2010 వచ్చింది. కలపడం అనే మాట వింటే నాకు భయం అందుకే.

రెండోవరస | మంగళవారం, రాత్రి 9:40

మీ పాపది భాష సమస్య. ఇక్కడ అడుగుతున్నది ఆటిజం బాబు గురించి. రెండూ ఒకే గాటన కట్టకండి.

సైగలనాన్న | మంగళవారం, రాత్రి 9:44

గురువారం నాలుగో పీరియడ్‌ని ఆ బాబు బుధవారానికి కట్టింది ఎవరు మరి?

గళ్లకాగితం | మంగళవారం, రాత్రి 10:30

అందరికీ థాంక్స్. కానీ ఆటల పీరియడ్ ఎందుకన్నదానికి జవాబు రాలేదు. మా వాడు క్లాసులో ఎవరి పక్కన కూర్చున్నా ఒక్కడే. గ్రౌండ్‌లో మాత్రం బంతి వాడి దగ్గరికి వస్తుంది, వాడు తిరిగి తంతాడు. అది కూడా మాట్లాడుకోవడమే కదా.

చాక్‌పొడి | మంగళవారం, రాత్రి 10:48

చెప్పాను కదండీ. ఎడ్యుకేటర్ ఖాళీ, గది ఖాళీ.

ఇద్దరుపిల్లలు | బుధవారం, ఉదయం 7:15

తిట్టుకున్నా పర్వాలేదు, అంటాను. మా అమ్మాయి క్లాసులో ఇలాంటి బాబు ఒకడున్నాడు. వాడు అరవడం మొదలుపెడితే పీరియడ్ సగం వాడికే పోతుంది. మిగతా ముప్పై తొమ్మిది మంది చదువు సంగతేంటి? విడిగా తీసుకెళ్తే అందరికీ మంచిదేగా.

గళ్లకాగితం | బుధవారం, ఉదయం 7:40

ఆ బాబు తల్లి కూడా ఈ మాటలు చదువుతూ ఉండొచ్చు. వాడు ఎందుకు అరిచాడో ఒక్కసారైనా ఎవరైనా చూశారా? బెల్లు ముందా, కుర్చీలు లాగిన చప్పుడు ముందా, చేస్తున్న పని మధ్యలో ఆపేయమన్నారా? మా వాడి విషయంలో రెండు వారాలు రాసి చూస్తే తేలింది, అరుపులన్నీ పీరియడ్ మారే రెండు నిమిషాల్లోనే. ఐదు నిమిషాల ముందు తర్వాతి కార్డు చూపించడం మొదలుపెట్టాక బాగా తగ్గాయి. "ఇలాంటి బాబు" అనే మాట వెనక్కి తీసుకోండి.

ఇద్దరుపిల్లలు | బుధవారం, ఉదయం 7:52

మా అమ్మాయి చదువు గురించి అడగడం కూడా తప్పేనన్నమాట. మంచిది.

రెండోవరస | బుధవారం, ఉదయం 8:10

చూశారా ముత్యాలదండ గారూ? మీ గది ఎందుకుందో ఆవిడ నోట వచ్చింది. నేర్పడానికి కాదు, కంటికి కనబడకుండా ఉంచడానికి. టీచర్లకి ఆ గంట విశ్రాంతి.

చాక్‌పొడి | బుధవారం, రాత్రి 8:55

విశ్రాంతి అన్న మాట పొద్దుట్నుంచీ పొడుస్తోంది. సరే, టీచర్లెవరూ బయటికి అనని మాట నేనే అంటాను.

రెండేళ్ల కిందట నా క్లాసు బాబు, ఇలాంటి ఆటల పీరియడ్‌లోనే, గ్రౌండ్ దాటి గేటు దాకా పరిగెత్తాడు. గేటు తెరిచి ఉంది. బయట రోడ్డు. నేను అటు మూలన ఇంకో పిల్ల మోకాలికి రక్తం వస్తే చూస్తున్నా. వాచ్‌మన్ పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఇంటికెళ్లాక నా చేతులు ఆగలేదు. క్లాసు గదికి తలుపుంటుంది, గ్రౌండ్‌కి ఉండదు. వాడి పక్కన ఉండే ఆయా ఆ గంటలో వీల్‌చెయిర్ పాపని బాత్రూమ్‌కి తీసుకెళ్లాలి. కాబట్టి ఆటల పీరియడ్ వస్తే వాడు రిసోర్స్ రూమ్‌లో ఉండాలని అడిగింది నేనే. రిజిస్టర్‌లో మాత్రం "చదువులో అదనపు సహాయం" అని ఉంటుంది.

గళ్లకాగితం గారూ, మీ స్కూలు సంగతి నాకు తెలియదు. మా దగ్గర మాత్రం కారణం ఇదీ. ఎడ్యుకేటర్ ఖాళీ అన్నది ఆ తర్వాత కుదిరిన సాకు.

గళ్లకాగితం | బుధవారం, రాత్రి 9:20

మూడు రోజుల నుంచి టైమ్‌టేబుల్ అన్నారు.

చాక్‌పొడి | బుధవారం, రాత్రి 9:24

అన్నాను.

ముత్యాలదండ | బుధవారం, రాత్రి 10:40

ఆవిడ చెప్పాక నేను చెప్పకపోతే బాగుండదు. వారంలో అలాంటి గంటలు నాకూ ఉన్నాయి. ఒక్కొక్కరికి విడిగా అని కాగితం మీద ఉంటుంది, గదిలో చూస్తే నలుగురు. ఒకడు పూసలు గుచ్చుతుంటే ఇంకొకరి నోరు తుడుస్తుంటా. అది పాఠం కాదు, కాపలా. నేను పైన రాసిన పాఠం సోమవారం మొదటి గంటలో జరుగుతుంది, దాన్ని ఇప్పటికీ వదులుకోను.

ఇంకోటి కూడా ఉంది. నా గదిలో నాలుగు ఆకుపచ్చ పూసలు పెడితే "నాలుగు" కార్డు తీసిచ్చే బాబు, క్లాసులో బోర్డు మీద నాలుగు గీతలు గీస్తే నా ముఖం చూశాడు. వాడికి నాలుగు వచ్చింది నా బల్ల దగ్గర మాత్రమే. క్లాసుకెళ్లి, పెన్సిళ్లతో, బెంచీలతో, మెట్లతో మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టించాల్సి వచ్చింది. తీసుకెళ్లి నేర్పితే సగమే, మిగతా సగం నేను వాడి వెనకే క్లాసులోకి వెళ్తేనే. వెళ్లడానికి నాకు గంటలు లేవు.

రెండోవరస | బుధవారం, రాత్రి 11:05

సోమవారం గంట గురించి ఒప్పుకుంటున్నాను, అదీ పేరు పెట్టి పిలవకుండా తీసుకెళ్తే. కాపలా గురించి ఒప్పుకోను. మనిషి తక్కువైతే మనిషిని పెట్టాలి, పిల్లాడిని తీసేయడమేంటి?

సైగలనాన్న | గురువారం, ఉదయం 6:50

ఇప్పటికి ఒక్క విషయంలో కలిశాం. మా పాప విషయంలో మాత్రం మీ 24వ అధికరణలోనే సైగభాష నేర్పాలని కూడా ఉంది, అది కూడా చదవండి.

గళ్లకాగితం | శుక్రవారం, సాయంత్రం 5:15

ఇవాళ స్కూలుకెళ్లి ఒకటే అడిగాను: "బుధవారం గ్రౌండ్‌లో మా వాడి పక్కన ఎవరుంటారు?" క్లాస్ టీచర్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా "ఎవరూ ఉండరు మేడమ్" అంది. గేటుకి గొళ్లెం పెట్టించడం, పీటీ సార్ వాడిని గేటుకి అవతలి మూలన ఆడించడం, మొదట ఇరవై నిమిషాలే. నెల చూస్తామన్నారు. ఆ రిసోర్స్ గంట గురువారానికి మారుస్తారట, ఏ పీరియడ్ తీస్తారో ఇంకా తేలలేదు.

మరి బంతి కార్డు తిరిగి పట్టీ మీద పెట్టనా? ఈసారి కూడా ఏదో ఒకటి అయి ఆట లేకపోతే కార్డునే నమ్మడం మానేస్తాడేమోనని భయం.

ముత్యాలదండ | శుక్రవారం, సాయంత్రం 6:02

ముందే పెట్టకండి. బుధవారం పొద్దున స్కూలుకి ఫోన్ చేసి, ఆట ఉందని ఖాయం చేసుకుని, అప్పుడు వాడి చేతికివ్వండి. వాడే అంటిస్తాడు. ఆట లేని రోజుకి వేరే కార్డు చేయండి, బంతి మీద అడ్డగీతతో. లేదన్న సంగతి కూడా వాడికి ముందే తెలియాలి.

చాక్‌పొడి | శుక్రవారం, రాత్రి 9:30

గురువారం లెక్కల్లో తీస్తారు చూడండి.