ఆట్రిబ్యూట్ పేర్లకు డొమైన్ ప్రిఫిక్స్ పెట్టాల్నా, చిన్న పేరు చాలా?

పాకాల_జావా: మా టీమ్ రివ్యూల గిదే పంచాయితీ. జావా వెబ్ యాప్‌ల రిక్వెస్ట్‌ల (బ్రౌజర్ పంపిన ఒక్కో అభ్యర్థన), సెషన్‌ల (ఒక్కో యూజర్‌కు వేరుగ ఉండే జాగా) పెట్టే ప్రతి ఆట్రిబ్యూట్‌కు (పేరు పెట్టి దాచే విలువకు) ముందు ‘కామ్.కంపెనీ.యాప్’ ఉండాలంటున్నరు. ఉత్త ‘యూజర్’ అంటే నడవదా?

హన్మకొండ_బ్యాకెండ్: నడవదు. డొమైన్ తిరగేసి పేరు పెట్టుమని సర్వ్‌లెట్ స్పెసిఫికేషనే (జావా వెబ్ యాప్‌ల నియమాల పత్రం) సలహా ఇస్తది. ‘జావా.’, ‘జావాఎక్స్.’ తోని మొదలయ్యేవి దానికే రిజర్వు. రిక్వెస్ట్‌ల మీరొక్కరే రాయరు. కంటైనర్ (యాప్‌ను నడిపే టామ్‌క్యాట్ లాంటి సర్వర్), ఫిల్టర్లు (రిక్వెస్ట్‌ను ముందే పట్టుకునే కోడ్), జార్‌లల్ల వచ్చిన లైబ్రరీలు అన్నీ రాస్తయి. అదే పేరుతోని ఇంకోసారి సెట్‌ఆట్రిబ్యూట్ పిలిస్తే పాత విలువ పోతది, ఎర్రర్ కూడా రాదు.

కాజీపేట_జంక్షన్: సెషన్, సర్వ్‌లెట్‌కాంటెక్స్ట్ (యాప్ మొత్తానికి ఒక్కటే ఉండే జాగా) ఏ యాప్‌వి ఆ యాప్‌కే. ఇగ గొడవెక్కడిది? లాగిన్ చూసుకునే స్ప్రింగ్ సెక్యూరిటీ లైబ్రరీ కూడా సెషన్‌ల ‘స్ప్రింగ్_సెక్యూరిటీ_కాంటెక్స్ట్’ అనే పెట్టుకుంటది, డొమైన్ లేదు. మనకే ఎందుకన్నా ఈ నియమం?

హన్మకొండ_బ్యాకెండ్: పక్క యాప్ మాట నేను తియ్యలే తమ్మీ, కంటైనర్ మాట చెప్తున్న. టామ్‌క్యాట్ 9ల మీ కోడ్ ‘జావాఎక్స్.సర్వ్‌లెట్.ఎర్రర్.ఎక్సెప్షన్’ల ఒక ఎక్సెప్షన్ పెట్టి, తర్వాత సెండ్‌ఎర్రర్‌తోని 404 (పేజీ దొరకలేదు) ఇచ్చిందనుకో. టామ్‌క్యాట్ ముందు ఆ ఆట్రిబ్యూట్‌నే చూస్తది, మీ 404 కాస్తా 500 (సర్వర్ తప్పు) అయితది. ‘జావాఎక్స్.సర్వ్‌లెట్.కాంటెక్స్ట్.టెంప్‌డిర్’ అయితే రీడ్‌ఓన్లీ. మార్చబోతే చప్పుడు లేకుండ వదిలేస్తది.

మంచిర్యాల_డెవ్: ఆ పేర్లు చదువుకోవచ్చు, రాయొద్దు. చదివేటప్పుడు కూడా కోట్స్‌ల కొట్టకుండ రిక్వెస్ట్‌డిస్పాచర్ కాన్‌స్టెంట్ (ఆ పేర్లకు ముందే రాసిపెట్టిన స్థిర విలువ) వాడుండ్రి. టామ్‌క్యాట్ 10ల ఈ పేర్లల్ల జావాఎక్స్ పోయి జకార్తా వచ్చింది. ఇంపోర్ట్ తప్పయితే కంపైలర్ పట్టుకుంటది. కోట్స్‌ల పేరును పట్టుకోదు, నల్ (ఏ విలువా లేదని) వస్తది, ఎర్రర్ పేజీ ఖాళీగ కనబడ్తది.

కాజీపేట_జంక్షన్: సెషన్ ఏ యాప్‌ది ఆ యాప్‌కే అన్న. దానికి ఎవ్వరూ జవాబియ్యలే.

జమ్మికుంట_కోడ్: ఇగో జవాబు. జేఎస్‌పీల (వెబ్ పేజీ తయారుచేసే జావా ఫైల్‌ల) ‘యూజర్’ అంటే పేజ్, రిక్వెస్ట్, సెషన్, అప్లికేషన్ వరుసల వెతుకుతది. ఏ ఫిల్టరో రిక్వెస్ట్‌ల ‘యూజర్’ పెట్టిందంటే మీ సెషన్ యూజర్ కనబడడు.

కాజీపేట_జంక్షన్: జేఎస్‌పీ అన్నరు కాబట్టి చెప్తున్న. చుక్కలున్న పేరు నేరుగ రాస్తే అది ‘కామ్’ అనే వేరియబుల్ కోసం వెతికి ఖాళీ చూపిస్తది. ప్రతిచోట రిక్వెస్ట్‌స్కోప్ రాసి, బ్రాకెట్ పెట్టి, కోట్స్‌ల పూర్తి పేరు కొట్టాలె. మీరు రూల్ పెట్టి పోతరు, పేజీలు దిద్దేది మేము. రివ్యూల ప్రతిసారి వాపస్ వచ్చేది మా కోడే!

హన్మకొండ_బ్యాకెండ్: గీ బాధ మొదలే చెప్తే అయిపోవు కదా. కంట్రోలర్ (రిక్వెస్ట్ అందుకునే కోడ్) పేజీకి ఇచ్చేవాటికి చిన్న పేరు ఉండనీ. ‘యూజర్’, ‘ఎర్రర్’ వద్దు, ‘ఆర్డర్‌లిస్ట్’ లాంటివి పెట్టుండ్రి. ఫిల్టర్లు, లిజనర్లు, సెషన్‌ల పెట్టేవాటికి మాత్రం పూర్తి పేరే, ఒక్క కాన్‌స్టెంట్స్ క్లాస్‌ల.

కాజీపేట_జంక్షన్: కంట్రోలర్ సంగతి ఒప్పుకుంట. సెషన్‌కు ఒప్పుకోను, లాగిన్ పేరు ప్రతి పేజీ హెడర్‌ల ఉంటది.