ల్యాండ్ క్రూయిజర్ 80: లో రేంజ్‌లో సెంటర్ డిఫ్ లాక్ దానంతటదే పడకుండా చేయాలంటే?

మట్టిబాట80:
బండి టయోటా ల్యాండ్ క్రూయిజర్ 80 సిరీస్, ఫుల్‌టైమ్ ఫోర్ వీల్, ఆటోమేటిక్, ఏబీఎస్ ఉంది. వెనక కంపెనీ ఎలక్ట్రిక్ లాకర్ (వెనక రెండు చక్రాలనీ కలిపి తిప్పేది) కూడా ఉంది. సెంటర్ డిఫ్ అంటే ముందు, వెనక షాఫ్టులు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది, లాక్ వేస్తే రెండూ ఒకటైపోతాయి. డ్యాష్‌బోర్డులో ఆ లాక్ బటన్ ఉండాల్సిన చోట ఖాళీ మూత ఉంది. చిన్న లివర్‌ని 'లో' రేంజ్‌కి (నిదానంగా, ఎక్కువ లాగుడుతో నడిచే గేరు) లాగగానే లాక్ దానంతటదే పడుతోంది. 'హై' రేంజ్‌లో (మామూలు నడక) వేద్దామంటే మార్గమే లేదు.

నాకు కావలసింది దీనికి తలకిందులు. హైలో ఇసుక, బురద వచ్చినప్పుడు లాక్ వేసుకోవాలి. లోలో గట్టి నేల మీద ట్రైలర్ వెనక్కి నడిపేటప్పుడు లాక్ లేకుండా ఉండాలి. డిఫ్ లాక్‌ని నడిపే రిలే కనెక్టర్‌లో 7వ పిన్ పీకేస్తే చాలని ఒకరు, లాక్ వేసే మోటార్‌కి నేరుగా 12 వోల్టులు ఇచ్చేయమని ఇంకొకరు అంటున్నారు. ఏది చేయమంటారు? చేశాక ఏబీఎస్, వెనక లాకర్ ఎలా ఉంటాయి?

గేరుపెట్టె:
ఇవి రెండు వేర్వేరు పనులండీ. ముందు బటన్, తర్వాతే పిన్. బటన్ లేకుండా పిన్ ఒక్కటే తీస్తే లోలో కూడా లాక్ వేసుకోలేని బండి మిగులుతుంది.

బటన్ సులువు. ఖాళీ మూత ఊడదీసి వెనక చెయ్యి పెట్టి చూడండి. బటన్ రాని చాలా బండ్లలోనూ దాని ప్లగ్గు అక్కడే, వైరింగ్‌కి టేపుతో చుట్టి ఉంటుంది. అసలు టయోటా స్విచ్ కొని గుచ్చితే చాలు, వైరు కోసే పని లేదు. నొక్కి వదిలితే పైకి వచ్చేసే రకం కాదు, నొక్కితే లోపలే నిలిచే రకం కావాలి.

ఇక పిన్. లివర్ 'లో'కి వెళ్లగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె) మీది స్విచ్ డిఫ్ లాక్ రిలేకి 'లోలో ఉన్నాం' అని కబురు పంపుతుంది. ఆ కబురు మోసే వైరు రిలే కనెక్టర్‌లో 7వ పిన్‌కి వస్తుంది. అది తెగితే రిలే దృష్టిలో బండి ఎప్పుడూ హైలోనే ఉన్నట్టు. అప్పుడిక బటన్ మాటే చెల్లుతుంది.

తప్పు జరిగేది లెక్కపెట్టడంలో. కనెక్టర్‌ని మూతి వైపు నుంచి చూస్తే ఒక 7, వైర్ల వైపు నుంచి చూస్తే ఇంకో 7. అంకెని నమ్మకండి, మీటర్‌ని నమ్మండి. ట్రాన్స్‌ఫర్ కేస్ మీద లాక్ మోటార్ ప్లగ్గు ఊడదీయండి. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజిన్ ఆపి, మీటర్ నల్ల తీగ బాడీకి, ఎర్ర తీగ కనెక్టర్ వెనక నుంచి ఆ వైరుకి తగిలించండి. లివర్ హై నుంచి లోకి వేస్తే రీడింగ్ బ్యాటరీ వోల్టేజీకీ సున్నాకీ మధ్య వెంటనే మారాలి. మోటార్ ప్లగ్గు ఎందుకు తీయమన్నానంటే, లాక్ పడిందని చెప్పే వైరు కూడా ఒకటి రెండు సెకన్లు ఆగి అలాగే మారుతుంది. మోటార్ తిరగకపోతే అది కదలదు, గందరగోళం ఉండదు.

వైరు తేలాక బ్యాటరీ నెగటివ్ తీసేసి, కనెక్టర్ ఊడదీసి, సన్నని సూదితో ప్లాస్టిక్ నాలుక ఎత్తి టెర్మినల్ వెనక్కి లాగండి. హీట్ ష్రింక్ (వేడి తగిలితే బిగిసే గొట్టం) తొడిగి వైర్ల కట్టకే కట్టేయండి. కోయకపోతే ఎప్పుడైనా తిరిగి గుచ్చేయొచ్చు.

నేనైతే ఆ వైరు మధ్యలో మామూలు ఆన్ ఆఫ్ స్విచ్ పెట్టమంటాను. ఇది ఒట్టి సిగ్నల్, కరెంటు చాలా తక్కువ. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది, రిలే అక్కర్లేదు. స్విచ్ ఆన్‌లో ఉంటే కంపెనీ పద్ధతి, ఆఫ్‌లో ఉంటే మీ ఇష్టం. బండి ఇంకొకరికి ఇచ్చినప్పుడు ఆన్ చేసి ఇవ్వొచ్చు.

ఒక్క మాట. పని రిలే దగ్గరే చేయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర ఆ వైరు కోస్తే, అదే కబురు ఇంకెక్కడికి వెళ్తోందో అదీ ఆగిపోతుంది.

వైరుముడి:
మోటార్‌కి నేరుగా 12 వోల్టుల సలహా ఇచ్చినవారికి ఓ దండం. మోటార్‌ని ఎంతవరకు తిప్పాలో, ఎక్కడ ఆపాలో చూసుకునేది దాని లోపలి లిమిట్ స్విచ్‌లు, పైన రిలే. వాటిని దాటేసి కరెంటు ఇస్తే లాక్‌ని జరిపే ఫోర్కు చివరికి చేరాక కూడా మోటార్ గోడకి తల మోదుకుంటూనే ఉంటుంది. ఆ వేడికి వైండింగ్ మాడుతుంది. రిలేకి వెళ్లే కబురు మార్చుకోండి, రిలే నుంచి బయటికి వచ్చే పవర్ జోలికి పోవద్దు.

ఏబీఎస్: సెంటర్ లాక్ పడగానే ఈ బండిలో ఏబీఎస్ ఆగి దాని దీపం వెలుగుతుంది. లోపం కాదు, ముందు వెనక షాఫ్టులు ఒకటైపోతే ఒక్కో చక్రాన్ని విడిగా పట్టుకోవడం దానికి కుదరదు. పిన్ తీశాక లోలో లాక్ వేయనంతసేపు ఏబీఎస్ పనిలో ఉంటుంది. గులకరాళ్ల మీద దిగేటప్పుడు పెడల్ కింద దడదడ మొదలై, బండి అనుకున్నదానికన్నా ముందుకు జారుతుంది.

వెనక లాకర్: సెంటర్ లాక్ పడితేనే దానికి అనుమతి. ఇంతకుముందు లోకి వేస్తే ఆ షరతు దానంతటదే తీరేది, ఇకపై ముందు బటన్ నొక్కి సెంటర్ లాక్ దీపం వెలిగాక లాకర్ నాబ్ తిప్పాలి. వేగం గంటకు 8 కిలోమీటర్ల లోపు ఉండాలి. పిన్ తీశాక లాకర్ చెడిపోయిందని కంగారుపడేది ఎక్కువగా ఇక్కడే.

మట్టిబాట80:
బటన్ పెట్టాను, పనిచేస్తోంది. పిన్ దగ్గర స్విచ్ కూడా అయింది. కానీ ఒక్కోసారి బటన్ వదిలినా లాక్ దీపం ఆరడం లేదు. లోపల ఏదైనా పట్టేసిందా?

గేరుపెట్టె:
గట్టి నేల మీద తిప్పి చూసి ఉంటారు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. లాక్ ఉంటే ఆ తేడాకి దారి లేక షాఫ్టులు మెలిపడి, లాక్ పళ్లని నొక్కి పట్టేస్తాయి. మోటార్ తన పని చేసినా లాక్‌ని కలిపే స్లీవ్ జారదు. బటన్ వదిలేసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి రెండు మూడు మీటర్లు వెనక్కి నడపండి. దీపం ఆరుతుంది. వేసేటప్పుడూ అంతే, నిదానంగా, తిన్నగా, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా వేయాలి. చక్రం గిరగిరా తిరుగుతుండగా మాత్రం వేయకండి.

వైరుముడి:
దీపాన్ని పూర్తిగా నమ్మొద్దు, దాని స్విచ్ కూడా చెడుతుంది. చదునైన చోట వెనక చక్రాలకి రెండు వైపులా అడ్డు పెట్టి, ఒక ముందు చక్రాన్ని జాకీతో లేపి స్టాండ్ మీద ఉంచండి. గేరు న్యూట్రల్, చిన్న లివర్ హైలో. లాక్ లేకపోతే ఎత్తిన చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. విస్కస్ కప్లింగ్ (సెంటర్ డిఫ్‌లో వేగాల తేడాని చిక్కటి ద్రవంతో అడ్డుకునే భాగం) ఉన్న బండ్లలో చిక్కటి బెల్లం పాకంలో గరిటె తిప్పినట్టు నెమ్మదిగా, బరువుగా కదులుతుంది. లాక్ వేశాక కొద్దిపాటి పళ్ల సందు తప్ప కదలకూడదు. లాక్ లేకుండానే బిగుసుకుని ఉంటే విస్కస్ పట్టేసినట్టు, లేదా లాక్ విడలేదన్నట్టు.

మోటార్ శబ్దం వస్తోంది, దీపం లేదు, చక్రం మాత్రం కదలడం లేదంటే దీపం స్విచ్‌దే తప్పు. శబ్దమే లేకపోతే బటన్ నొక్కిన క్షణంలో మోటార్ ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూడండి. వోల్టేజీ వస్తుంటే లోపల గ్రీజు గట్టిపడటమో తుప్పో. ఏళ్ల తరబడి వాడని బండ్లలో మామూలే. నెలకోసారి మట్టి నేల మీద నాలుగైదు సార్లు వేసి తీస్తే ఆ పరిస్థితి రాదు.

కొండమలుపు:
ఎవరూ చెప్పని సంగతి ఒకటి. లాక్ లేకుండా లోలో నిటారు దిగుడు దిగుతుంటే, ఒక చక్రం గాల్లోకి లేచిందా, ఇంజిన్ బ్రేకింగ్ చాలావరకు ఆ చక్రం గుండానే జారిపోతుంది. విస్కస్ కొంత ఆదుకుంటుందంతే. పార్కులో పెట్టి వాలులో ఆపినా ఇదే కథ, సెంటర్ డిఫ్ తెరిచి ఉంటే ఒక చక్రం పట్టు తప్పితే బండి కదలొచ్చు. ఇన్నాళ్లూ లోకి వేయగానే పడే లాక్ ఇది చూసుకునేది. ఇప్పుడు దిగుడు మొదలవకముందే బటన్ నొక్కాలి, వాలులో ఆపితే హ్యాండ్ బ్రేక్‌తో పాటు చక్రానికి రాయి పెట్టాలి. ఆ కొత్త స్విచ్ కూడా మోకాలు తగిలి ఆఫ్ అయ్యే చోట పెట్టకండి, మూత ఉన్నది దొరికితే ఇంకా మంచిది.